పొయ్యి వెలగని దిబ్బ

నమోదు 208. గురువారం. ఆటు.

ఉమ్మడి గణన కేంద్రంలో పనిచేసే ప్రతి అధికారీ చిట్టా రాయాలని ఒప్పందంలో ఉంది. మూడు నాడుల అధికారుల్లో రాసేది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు వారానికోసారి నా దాంట్లోంచి ఎక్కించుకుంటారు. అందుకని కాస్త మర్యాదగా రాయాలనుకుంటాను, కుదరదు.

నా పేరు త్రిపుర. లంకనాడు గణాంక శాఖ. నాకు యాభై మూడు, నా మోకాళ్ళకు డెబ్భై. మా ఆఫీసు ఒక పాత బల్లకట్టు. ఎవరి గడ్డ మీదా ఉండకూడదని మూడు నాడుల నీళ్ళు కలిసేచోట లంగరు వేసి నిలబెట్టారు. సముద్రం లోపలికి తోసుకొచ్చి ఒక్క దేశాన్ని మెట్టనాడు, లంకనాడు, రేవునాడు అని మూడు ముక్కలు చేశాక, ఆ ముక్కలన్నీ మళ్ళీ కలిసి కూర్చునే చోటు ఇదొక్కటే. అదీ ఊగుతూ ఉంటుంది.

ఈరోజు పని: మెట్టనాడులో ఒక ఇంట్లో నలభై మంది ఉన్నారని వ్యవస్థ చెప్పింది. నిన్నటిదాకా నలుగురే. ఫోను చేస్తే వెనకాల సన్నాయి వినపడింది. పెళ్ళి. పెళ్ళి మినహాయింపు గడి నొక్కాను. నలభై మంది మళ్ళీ నలుగురయ్యారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. ప్రతి ఇంటి పొయ్యి అడుగునా ఒక సెగపూస ఉంటుంది. పొయ్యి వెలిగితే పూసకు తెలుస్తుంది, పూసకు తెలిస్తే మాకు తెలుస్తుంది. ఎంతసేపు వెలిగిందో చూసి ఇంట్లో ఎంతమందో కూడా చెబుతుంది. ఇద్దరి వంటకీ ముగ్గురి వంటకీ తేడా ఇట్టే పట్టేస్తుంది, వండేది కొత్త కోడలైతే తప్ప. అంతకుముందు మెట్టనాడు కుళాయిలు లెక్కపెట్టేది, రేవునాడు పడవలు లెక్కపెట్టేది, మేం గుమ్మం గుమ్మానికీ తిరిగేవాళ్ళం. నేలలోకి ఊరే ఉప్పునీళ్ళను తోడి బయటికి పోసే పంపులు జనాభానిబట్టి పంచేవారు కనుక ఎవరికి వారు నాలుగు తలలు కలిపి రాసేవారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. మూడు నాడుల జనాన్నీ కలిపితే భూమ్మీద అంత చోటు లేదని తేలేది. అందుకే పొయ్యి దగ్గర రాజీ పడ్డాం. వ్యవస్థకు పెద్ద పేరే ఉంది. మేం మాత్రం ముక్కాలిపీట అంటాం. మూడు కాళ్ళ మీద నిలబడుతుంది కదా. ఏ కాలు పొట్టిదో ఇంకా తెలియదు.

నమోదు 209. శనివారం. పోటు.

నిన్న సాయంత్రం ఏరు సముద్రంలో కలిసే మొగలో పడవ బోల్తా పడింది. సంత నుంచి కొత్తదిబ్బకు తిరిగి వెళ్తున్న పడవ. కొత్తదిబ్బ మా లంకనాడుదే, అంచున ఉంటుంది. దాని అవతలి నీళ్ళు రేవునాడువి. పదిహేడు మంది పోయారు. పదహారు మంది దొరికారు.

ఎలీషమ్మ పొద్దున రాలేదు. రేవునాడు తరఫున నాతోపాటు పనిచేసే మనిషి ఆమె. మధ్యాహ్నం వచ్చి కుర్చీలో కూలబడింది. చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి.

"మా వాళ్ళ వలలన్నీ అటే తిప్పారక్కా," అంది. "ఇంకా ఒక పిల్లోడు దొరకలేదు. వాడి పెళ్ళానిది మా చింతలరేవు. పోయిన ఏడే ఇచ్చారు."

ఇద్దరం టీ తాగాం. పని ఏమీ చేయలేదు. అదే ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 210. సోమవారం. ఆటు.

పొద్దున తెర ముందు కూర్చుంటే కొత్తదిబ్బ నల్లగా ఉంది. ఒక్క చుక్కా వెలగడం లేదు. పూసలు పాడయ్యాయనుకుని మరమ్మతు వాళ్ళకు కబురు పెట్టబోతూ ఆగాను. నా బుర్ర ఇంకా కొంచెం పనిచేస్తోంది.

కొత్తదిబ్బలో అందరూ తెప్పలవారే. ఒకే ఇంటిపేరు, అంతా దాయాదులు. ఒకరింట చావైతే అందరికీ మైలే. పెద్దకర్మ దాకా దిబ్బ మీద పొయ్యి వెలగదు. పిల్లనిచ్చినవాళ్ళు, పిల్లను చేసుకున్నవాళ్ళు వండి తెచ్చి పెట్టాలి. కొత్తదిబ్బకు వియ్యాలవారంతా చింతలరేవులో ఉన్నారు. అవతలి ఒడ్డు, వేరే దేశం. అందుకే తెర మీద చింతలరేవు పండగ ఊరిలా వెలిగిపోతోంది. ముక్కాలిపీట ప్రకారం అక్కడ మూడు రోజుల్లో ఒక్కో ఇంట్లో ఇద్దరేసి, ముగ్గురేసి పుట్టారు.

మరి చావు సంగతి ముక్కాలిపీటకు తెలియదా అంటే, తెలియదు. మరణాల పట్టిక రెండో విడతలో ఉంది. మొదటి సమావేశం రోజున కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసిన కాగితం మీద పట్టికల వరుస రాస్తుంటే, ఎవరో మరణాలు అన్నారట. శుభమా అని మొదలుపెడుతూ అదేం మాటండీ, ముందు జననాలు కానివ్వండి, అది తర్వాత చూద్దాం అన్నారట. మూడు నాడులూ ఏ తగవూ లేకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే. పెళ్ళికి మినహాయింపు ఉంది. పండగకు ఉంది. చుట్టాలకు ఉంది. చావుకు లేదు.

నియమం ఏమిటంటే, పొయ్యి పది రోజులు వెలగకపోతే ఆ ఇల్లు ఖాళీ. ఊరి హద్దులో సగం పొయ్యిలు ఆరిపోతే అది విడిచిన ఊరు. విడిచిన ఊరి పంపు విప్పి, జనం పెరిగిన ఊరికి తరలిస్తారు. ఈ పది ఎక్కడిదంటే, మెట్టనాడు ఏడంది, రేవునాడు పద్నాలుగంది, మేం తొమ్మిదన్నాం. సగటు తీశారు. మేం సగటు తీయకుండా ఏదీ తేల్చం.

కొత్తదిబ్బ వారికి తొమ్మిదో రోజున పెద్దకర్మ. అంటే శనివారం సాయంత్రానికి పొయ్యిలు వెలుగుతాయి. గడువు వచ్చే సోమవారం సాయంత్రం. పర్వాలేదు.

నమోదు 211. బుధవారం. పోటు.

పర్వాలేదని రాశాను కదా, నా నోట్లో పుట్టెడు ఉప్పు పొయ్య.

పొద్దున రేవునాడు వలలో ఆ దొరకని పిల్లవాడు దొరికాడు. పేరు తెప్పల పైడిరాజు, ఇరవై నాలుగేళ్ళు. తల్లి నూకరత్నం, పెళ్ళాం, అతను, ఆ ఇంట్లో ముగ్గురే. శవం దొరికిన రోజే మొదటి రోజు. ఊరందరికీ మైల మళ్ళీ మొదటి నుంచి. తొమ్మిది రోజులంటే వచ్చే గురువారం. గడువు మాత్రం సోమవారమే.

పంపు ఆగితే కొత్తదిబ్బ నెల తిరక్కుండా ఉప్పునీట్లో కలిసిపోతుంది. అది ఎవరో చెప్పిన మాట కాదు. నా చేతులతోనే మూడు ఊళ్ళను విడిచిన ఊళ్ళ జాబితాలో వేశాను. అవి నిజంగానే విడిచిన ఊళ్ళు. వాటి కొబ్బరిచెట్ల తలలు మా పడవ దారిలో కనిపిస్తూనే ఉంటాయి.

విసుగ్గా ఉంది. మనుషులు చనిపోయారని ఒక యంత్రానికి నచ్చజెప్పాల్సిన పని నా వాటాకు వచ్చింది.

నమోదు 212. గురువారం. ఆటు.

వాచస్పతి గారి దగ్గరికి వెళ్ళాం, నేనూ ఎలీషమ్మా. మెట్టనాడు ఆయన, కేంద్రానికి అధ్యక్షులు. చెడ్డవారు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు లవంగాలు ఉంటాయి, మాట్లాడేముందు ఒకటి నోట్లో వేసుకుంటారు. కష్టమైన మాటైతే రెండు.

"చేత్తో దిద్దడం కుదరదు త్రిపుర గారూ," అన్నారు, రెండు వేసుకుని. "ఈ నియమం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు. ఈరోజు మీ దిబ్బకు మైల అని నేను దిద్దితే, రేపు మా మెట్టలో ప్రతి ఊరికీ మైలే వస్తుంది. ఎల్లుండి వీరి రేవుల్లో చచ్చినవాళ్ళు కూడా చచ్చిపోతారు."

ఆయన అన్నది అబద్ధం కాదు. అదే నాకు ఒళ్ళు మంట.

"దిద్దొద్దు సార్. మరణాల పట్టిక తెరవండి. చావు తెలిస్తే పొయ్యి ఎందుకు ఆరిందో దానికే తెలుస్తుంది," అన్నాను.

"తెరవాలంటే నిర్వచనాల సంఘం కూర్చోవాలి. మూడు ప్రభుత్వాల సంతకాలు కావాలి. పైగా ఇప్పుడు మూఢం. కొత్త పట్టిక మూఢంలో మొదలుపెట్టారంటే సంతకం పెట్టేవాడు ఒక్కడూ దొరకడు. మూఢం వెళ్ళాక మొదటి అంశం అదే, నాది పూచీ."

ఎలీషమ్మ అంతసేపూ కిటికీలోంచి నీళ్ళను చూస్తూ ఉంది. "సార్, ఒక్క మాట. మీ అమ్మగారు పోయినప్పుడు మీ ఇంట్లో పొయ్యి వెలిగించారా?" అంది.

వాచస్పతి గారు లవంగం నమలడం ఆపారు. "లేదమ్మా. పక్కింటివాళ్ళు తెచ్చిపెట్టారు. పదకొండు రోజులు," అన్నారు.

"అప్పుడు ముక్కాలిపీట లేదు కాబట్టి మీరు బతికిపోయారు సార్."

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "నా చేతిలో లేదమ్మా," అని మాత్రం అన్నారు. బయటికి వచ్చాక ఎలీషమ్మ ముక్కు చీదుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఆకలి వేసింది. ఈ వయసులో దుఃఖం కూడా కడుపులోకే దిగుతుంది.

నమోదు 213. శనివారం. పోటు.

కొత్తదిబ్బకు వెళ్ళాను. ఎవరూ పంపలేదు, సొంతంగానే. పడవలో రెండుసార్లు వాంతి అయింది. గణాంక శాఖలో ఇన్నేళ్ళు పనిచేసి నీటి ప్రయాణం అలవాటు కానిది నాకొక్కదానికే.

దిబ్బ మీద మనుషులున్నారు, మాటలున్నాయి, కోళ్ళున్నాయి. పొగ లేదు. ఊరు అనగానే ముక్కుకు తగిలే వాసన ఏదో తగ్గింది. ఏమిటా అని చూస్తే చేపల పులుసు వాసన. ఊరి చివర పంపు మాత్రం గడగడలాడుతూ నీళ్ళు కక్కుతోంది.

నూకరత్నం ఇంటి అరుగు మీద చాప వేసుకుని కూర్చుంది. లోపల గోడకు ఆనుకుని కోడలు. పదిహేడు పద్దెనిమిది మించి ఉండవేమో అనిపించింది, రికార్డులో ఇరవై ఒకటి అని ఉంది.

"రండమ్మా, కూకోండి. మంచినీల్లు ఇవ్వలేను, మైలిల్లు," అంది నూకరత్నం.

ఎందుకొచ్చానో చెప్పాను. పూస గురించి, పది రోజుల గురించి, పంపు గురించి. తల ఊపుతూ విన్నది. నేను చెప్పడానికి ముందే ఆమెకు తెలుసు.

"ఉత్తినే ఎలిగించి ఆర్పెయ్యాలా?"

"అవునమ్మా. ఒక్క అరగంట. ఏమీ వండక్కర్లేదు. ఖాళీ పొయ్యి చాలు."

"మావోల్లంతా అదే అనుకుంటన్నారు. నా కాడికొచ్చి అడగలేక, మొహం సూసి ఎనక్కి తిరిగెల్లిపోతన్నారు. వోల్ల మైల ఇయాల్టితో అయిపోవాల. నావోడి వల్లే గదా ఇంకా పొయ్యిలు ఆరిపోయున్నాయి. నేను ఊఁ అంటే సాలు, దిబ్బంతా ఎలిగిపోద్ది. నాకు తెలవదా?"

ఆమె చాప అంచు సర్దుకుంది.

"ఆడు నీల్లలో ఐదు రోజులు ఒక్కడే ఉన్నాడమ్మా. ఎవుల్లూ లేరు పక్కన. ఆడి కోసం తొమ్మిది రోజులు పొయ్యి ఆర్పుకోలేమా?"

"పంపు పట్టుకుపోతారమ్మా. దిబ్బ మునిగిపోతుంది," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"మునుగుద్ది," అంది ఆమె. "మునిగితే ఏటవుద్దో నాకు సెప్తావా?"

నాకు సిగ్గేసింది. ఇంత సిగ్గు నా ఉద్యోగంలో ఎప్పుడూ పడలేదు. లేచి నిలబడ్డాను, మోకాళ్ళు పటుక్కుమన్నాయి. ఆ శబ్దానికి ఆమె నా కాళ్ళకేసి చూసి, జాలి పడినట్టుంది.

"నువ్వు ఏం సేత్తావులే. నీ పని నీది," అంది. "ఈ పిల్ల మెతుకు ముడతం లేదు, అదీ నా బెంగ. మా వియ్యపురాలు రోజూ తెత్తంది. అంత నీరు దాటొచ్చేతలికి కూడు సల్లారి రాయైపోతంది. ఆవిడ మాత్తరం ఏం సేత్తది, పిల్ల పుట్టిల్లు ఆ ఒడ్డునుంటే."

నమోదు 214. ఆదివారం. ఆటు.

సెలవురోజు. అయినా బల్లకట్టు మీదే ఉన్నాను, మధ్యాహ్నం ఎలీషమ్మ కూడా వచ్చింది. నిన్నటి సంగతంతా చెప్పాను. చివర్లో ఊరికే, మాటవరసకు, అన్నం చల్లారిపోవడం గురించి కూడా చెప్పాను.

"చల్లారడమేందక్కా," అంది ఎలీషమ్మ. "ఆ పడవలోనే వండుకోవచ్చుగా. మా ఆడోళ్ళకి పొయ్యి పడవలోనే గదా ఉండేది."

ఆమె అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

రేవునాడులో సగం మంది వంట పడవ మీదే. ఇల్లు ఒడ్డున, పొయ్యీ దాని కింది పూసా పడవలో. పొయ్యి లెక్క ఒప్పందం జరిగినప్పుడు ఎలీషమ్మ ఒక్క వాక్యం కోసం ఆరు సమావేశాలు కొట్లాడింది. అందరూ ఆవులించారు, నేను కూడా. ఆ వాక్యం ఏమిటంటే, పొయ్యి ఎక్కడ వెలిగితే ఇల్లు అక్కడే. చేపల వేటకు పోయిన పడవను ఇల్లు లేనిదిగా లెక్కవేయకూడదని పెట్టించింది.

చింతలరేవు పడవలు కొత్తదిబ్బ హద్దులోకి వచ్చి, రేవులో కట్టేసుకుని, అక్కడే వండితే చాలు. దిబ్బ నేల మీద పొయ్యి వెలగదు. మైల వాళ్ళ పొయ్యి వెలగదు. వెలిగేవి వియ్యాలవారి పొయ్యిలు. వండేది ఎప్పుడూ వాళ్ళే కదా. కానీ ఊరి హద్దులో పొయ్యిలు వెలుగుతాయి. ముక్కాలిపీటకు కావాల్సింది అదే.

"చింతలరేవు వాళ్ళు ఒప్పుకుంటారా?" అన్నాను. అడగడానికి కారణం ఉంది. కొత్తదిబ్బ పంపు తరలిస్తే వెళ్ళేది చింతలరేవుకే. ముక్కాలిపీటకు అక్కడే జనం పెరిగినట్టు కనపడుతోంది. రెండో పంపు కావాలని వాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతున్నారు. అవి చూసేదాన్ని నేనే. వరి పండే మడులు వాళ్ళకు ఏటా ఒకటో రెండో ఉప్పు పడుతున్నాయి.

ఎలీషమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంది. "అడిగి చూస్తా. తిడితే పడతా," అంది.

పొద్దు వాలకముందే ఫోను చేసింది. ముందు నూకరత్నం వియ్యపురాలి దగ్గరికే వెళ్ళిందట. పంపు సంగతి దాచకుండా అంతా చెప్పిందట. ఆవిడ ఎసట్లో బియ్యం పోస్తూ విని, "మా పిల్ల ఉన్న దిబ్బని ముంచి మాకెందుకమ్మా ఆ పంపు?" అందట. తర్వాత ఎలీషమ్మను నిజంగానే తిట్టిందట, ఈ మాట మొదటి రోజే చెప్పలేదేం, ఇన్నాళ్ళూ పిల్లకి చల్లన్నం పెట్టించారు అని.

నమోదు 215. సోమవారం. పోటు.

పొద్దున్నుంచి తెర ముందే ఉన్నాను. మధ్యాహ్నం దాకా కొత్తదిబ్బ నల్లగానే ఉంది. గాలి ఎదురుగా ఉందని, పడవలు ఆలస్యం అవుతాయని కబురొచ్చింది. నేను మొక్కులు మొక్కను. ఈరోజు రెండు మొక్కాను, ఏ దేవుడికో గుర్తు లేదు.

నాలుగు గంటల వేళ దిబ్బ రేవులో ఒక చుక్క వెలిగింది. కాసేపటికి దాని పక్కన మరొకటి. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. నా ఉద్యోగం లెక్కపెట్టడమే అయినా, కొన్నిసార్లు ఊరికే చూడాలనిపిస్తుంది.

వాచస్పతి గారు వెనక నుంచి వచ్చి నిలబడ్డారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. లవంగం వాసన వేస్తే తిరిగాను.

"ఇవి రేవునాడు పొయ్యిలు కదా?"

"అవును సార్."

"కొత్తదిబ్బ హద్దులో వెలుగుతున్నాయి."

"అవును సార్. పొయ్యి ఎక్కడ వెలిగితే ఇల్లు అక్కడే."

ఆయన ఒప్పందంలో ఆ వాక్యం తీసి రెండుసార్లు చదివారు. "మీరెవరూ చేత్తో దిద్దలేదు కదా?"

"లేదు సార్."

"అయితే వ్యవస్థ చెప్పిందే లెక్క," అని ఆ రోజు లెక్క మీద సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ ఒక లవంగం నా బల్ల మీద పెట్టారు. అది ఆయన ఇచ్చే అతి పెద్ద బహుమతి అని ఎలీషమ్మ అంటుంది.

గడువు దాటింది. పంపు విప్పమనే ఉత్తర్వు రాలేదు. ఎలీషమ్మ దిబ్బ దగ్గరే ఉండి ఫోను చేసింది. "ఆ పిల్ల తినిందక్కా. వాళ్ళమ్మ పడవ దిగి వేడివేడిగా ముద్ద కలిపి పెడితే నాలుగు ముద్దలు తినింది. మింగుతూ ఏడ్చింది, ఏడుస్తూ మింగింది," అంది. ఫోను పెట్టేశాక నాకూ వచ్చింది ఏడుపు. తెర ముందు ఎవరూ లేరు, ఏడ్చాను.

నమోదు 216. గురువారం. ఆటు.

కొత్తదిబ్బలో పెద్దకర్మలు జరిగాయి. సాయంత్రం దిబ్బ మీద పొయ్యిలు వెలిగాయి. వియ్యాలవారి పడవలు ఇంకా వెళ్ళలేదు, రేపు పొద్దున వెళ్తాయట. అందువల్ల ఈ రాత్రికి రెండు ఊళ్ళ పొయ్యిలూ ఒక్క దిబ్బ దగ్గరే ఉన్నాయి. మూడు నాడుల్లోకీ అతి వేగంగా పెరుగుతున్న ఊరు కొత్తదిబ్బ అని ముక్కాలిపీట నివేదిక తయారుచేసింది. అభినందన పత్రం కూడా అదే రాసింది. నేను ఆపాను. ఆపడానికి కారణం అడిగితే, చుట్టాలు అని గడి నొక్కాను. అబద్ధం కాదు కదా.

చింతలరేవు లెక్క మళ్ళీ పాతదానికి వచ్చేసింది. రెండో పంపు అర్జీ కింద ఇంకో ఏడు కూడా తిరస్కరించబడినది అని వస్తుంది. ఆ మాట వియ్యపురాలికి నేను చెప్పాలి. ఆవిడ ఏమంటుందో తెలుసు. అయినా చెప్పడం కష్టమే. మనుషులు ఒకళ్ళకొకళ్ళు అడ్డం పడి కాపాడుకుంటుంటే, దాన్ని పొరపాటు అనకుండా రాసుకోవడానికి మా దగ్గర ఒక గడి కూడా లేదు. వచ్చే సమావేశంలో చెప్పాలి. వింటారా అన్నది వేరే సంగతి.

నమోదు 219. మంగళవారం. పోటు.

మూఢం ఇంకా వెళ్ళలేదు. అయినా మరణాల పట్టిక ఈరోజు తెరిచారు. వాచస్పతి గారు మూడు ప్రభుత్వాలకూ తానే ఫోన్లు చేసి సంతకాలు తెప్పించారు. కొబ్బరికాయ కొట్టలేదు. పట్టిక తెరవగానే ఖాళీ గీతలు వచ్చాయి, అందరం కాసేపు వాటిని చూశాం.

ఆ పదిహేడు పేర్లూ ఇళ్ళకు వెళ్ళి అడిగి రాయాలని నేనే అన్నాను. మొదట నూకరత్నం ఇంటికి వెళ్ళాను. పడవలో ఒకేసారి వాంతి అయింది. అలవాటు పడుతున్నానేమో.

ఊరంతా పులుసు వాసన. నూకరత్నం పొయ్యి దగ్గర ఉంది. కోడలు పెరట్లో వల బాగుచేస్తోంది. ఈసారి నూకరత్నం మంచినీళ్ళు ఇచ్చింది. కొడుకు పేరు అడిగాను. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా, పిల్లవాణ్ణి బడిలో చేర్చేటప్పుడు చెప్పినట్టు చెప్పింది.

"రాసుకున్నావా?"

"రాశానమ్మా."

"ఇన్నాల్లూ ఆడు మీ లెక్కలో ఉన్నోడేనా?"

"ఉన్నాడమ్మా. ఇవాళ్టిదాకా."

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "సరే," అంది. తర్వాత బియ్యం డబ్బా తీసింది. ఒక డబ్బా కొలిచి పోసింది. రెండో డబ్బా పోసింది. మూడోది ముంచి, ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పోసేసింది. నేను చూశానని ఆమెకు తెలుసు.

తిరిగి వచ్చేసరికి తెర మీద ఎర్రగీత ఉంది. ముక్కాలిపీట మొదటిసారి చావును లెక్కలోకి తీసుకుని, ఆ ఇంట్లో మనుషులు ఇద్దరు అంది. పొయ్యి మాత్రం ముగ్గురి వంట అంటోంది. తేడాకు కారణం రాయమంది. పెళ్ళి, పండగ, చుట్టాలు అని మూడు గడులు చూపించింది.

ఏదీ నొక్కలేదు. ఎర్రగీత అలాగే ఉంచాను. కొన్నాళ్ళకు ఆ చెయ్యే తగ్గించుకుంటుంది. అప్పుడు గీత దానంతటదే పోతుంది.